పరగోమినాస్ కేసు: జాబితాలోకి ఎక్కడం, జాబితా నుంచి దిగడం

ఉష్ణమండల అడవుల పరిరక్షణ, వాతావరణ విధానం మీద పనిచేసే బృందంలో కొత్తగా చేరినవారికి నేను మొదట అప్పగించే కేసు బ్రెజిల్ అమెజాన్‌లోని మునిసిపాలిటీ పరగోమినాస్. అది చూడగానే చాలామంది ముఖం చిన్నబోతుంది. వాళ్లు ఊహించుకుని వచ్చేది అంతర్జాతీయ సదస్సులు, కర్బన క్రెడిట్లు, నార్వే నిధులు, ఒప్పందంలో ఏ మాట ఎక్కడ ఉండాలన్న వాదోపవాదాలు. ఈ కేసు నిండా ఉన్నది ఒక మేయరు, పశువుల ఆసాములు, పొలాల సరిహద్దు పటాలు, బ్యాంకు రుణాల షరతులు. అయితే ప్రభుత్వ విధానం వల్ల అడవుల నరికివేత నిజంగా తగ్గిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉన్నాయి. వాటిలో, ఏ నిబంధన ఎవరిని ఎలా కదిలించిందో ఇంత విడమరచి చూపించే కేసు నాకు మరొకటి తెలియదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నరికివేత ఎక్కువగా ఉన్న మునిసిపాలిటీల జాబితాలో పేరెక్కడమే ఇక్కడ శిక్ష. ఆ శిక్ష ఎంత పనిచేసిందో, ఆ శిక్ష నుంచి బయటపడటానికి కొలవదగిన, చేయదగిన దారి ఉండటం కూడా అంతే పనిచేసింది. విధానాలు రాసేవాళ్లు జాబితాలోకి ఎవరిని ఎక్కించాలన్న చర్చకు నెలలు వెచ్చిస్తారు. ఎవరు ఏం చేస్తే దిగవచ్చన్నది చివరి పేజీకి తోసేస్తారు.

పరిస్థితి

బ్రెజిల్‌లో మునిసిపాలిటీ అంటే పట్టణం ఒక్కటే అనుకోకూడదు. చుట్టూ ఉన్న పొలాలు, అడవులు, పల్లెలు అన్నీ దాని పరిధిలోకే వస్తాయి. పారా రాష్ట్రపు తూర్పు భాగంలో, రాష్ట్ర రాజధాని బెలేమ్‌నూ దేశ రాజధాని బ్రెజీలియానూ కలిపే రహదారి మీద ఉన్న పరగోమినాస్ విస్తీర్ణం 19,000 చదరపు కిలోమీటర్లకు పైనే. 1965లో మునిసిపాలిటీ అయింది. ప్రభుత్వ రాయితీలతో మొదట పశువుల మేత భూములు వచ్చాయి. ఆ తర్వాత కలప వ్యాపారం వచ్చింది. 1990 నాటికే అక్కడ వందకు పైగా రంపపు మిల్లులు నడిచేవి. మిల్లుల వెనుక బొగ్గు బట్టీలు, మేత భూముల వెనుక సోయా. 2008 వచ్చేసరికి మునిసిపాలిటీలో దాదాపు 45 శాతం అడవి పోయింది. మిగిలిన దానిలో కొంత టెంబే ఆదివాసులుండే ఆల్టో రియో గ్వామా ప్రాంతంలో ఉంది. కలప దొంగల కన్ను దాని మీద కూడా ఉండేది.

దేశం మొత్తం మీద లెక్క ఇలా ఉంది. బ్రెజిల్ జాతీయ అంతరిక్ష పరిశోధన సంస్థ 1988 నుంచి ప్రోడెస్ పేరుతో అమెజాన్ నరికివేతను ఏటా కొలుస్తోంది. ఆగస్టు నుంచి జూలై వరకు ఒక సంవత్సరం కింద లెక్క. 2004లో 27,772 చదరపు కిలోమీటర్లు పోయాయి. మరీనా సిల్వా పర్యావరణ మంత్రిగా ఉన్న ఆ ఏడాదే మంత్రిత్వ శాఖలన్నిటినీ కలిపి ఒక కార్యాచరణ ప్రణాళిక మొదలైంది. ఏడాది తిరిగాక లెక్క చెప్పే ప్రోడెస్‌కు తోడు, నరికివేత జరుగుతుండగానే హెచ్చరించే డెటెర్ వచ్చింది. 2007కు నరికివేత 11,651కి పడిపోయింది. కానీ ఆ ఏడాది రెండో సగంలో హెచ్చరికలు మళ్లీ పెరిగాయి. అప్పుడు వచ్చిందే 2007 డిసెంబరు నాటి 6321వ డిక్రీ.

దాని ప్రకారం 2008 జనవరిలో 36 మునిసిపాలిటీల జాబితా వెలువడింది. అమెజాన్ నరికివేతలో దాదాపు సగం ఆ 36 చోట్లే జరుగుతుండేది. అధికారికంగా దాని పేరు 'ప్రాధాన్య మునిసిపాలిటీల' జాబితా. జనం మాత్రం నల్ల జాబితా అన్నారు. పరగోమినాస్ అందులో ఉంది.

జాబితాలో ఉంటే ఏమవుతుంది

తనిఖీలు పెరుగుతాయి. అక్రమంగా నరికిన భూమిని ప్రభుత్వం నిషేధంలో పెడుతుంది. ఆ భూమిలో పండినదాన్ని, మేసిన పశువులను కొన్నవాళ్లు కూడా బాధ్యులవుతారు. పర్యావరణ అమలు సంస్థ ఇబామా లారీలను, రంపాలను జప్తు చేస్తుంది. దీనికి తోడు 2008 ఫిబ్రవరిలో జాతీయ ద్రవ్య మండలి 3545వ తీర్మానం తెచ్చింది. ఆ ఏడాది జూలై నుంచి అమెజాన్ ప్రాంతంలో వ్యవసాయ రుణం కావాలంటే భూమి పత్రాలు, పర్యావరణ నిబంధనలు పాటిస్తున్నట్టు ఆధారాలు చూపించాలి. ఈ షరతు జాబితాతో నిమిత్తం లేకుండా అందరికీ వర్తించింది. కానీ జాబితాలో ఉన్నవారి మెడకు రెండు ఉచ్చులూ ఒకేసారి బిగిశాయి.

ఏడాది తర్వాత మూడోది తోడైంది. 2009లో పారాలో ఫెడరల్ ప్రాసిక్యూటర్లు, అక్రమంగా నరికిన భూముల నుంచి పశువులను కొంటున్న కబేళాల మీద కేసులు పెట్టి, వాటి చేత ఒప్పందాలపై సంతకాలు చేయించారు. పొలం వివరాలు నమోదు కాని ఆసామి దగ్గర పశువులు కొనడం కబేళాలకు తలనొప్పిగా మారింది.

ఇక బయటపడే దారి. అందులో రెండు షరతులు కీలకం. రక్షిత ప్రాంతాలు పోను మిగిలిన గ్రామీణ భూమిలో 80 శాతం, పర్యావరణ గ్రామీణ నమోదు అనే భూ రిజిస్ట్రీలోకి ఎక్కాలి. ఏడాదిలో నరికివేత 40 చదరపు కిలోమీటర్లు మించకూడదు. రెండూ అంకెలే, రెండూ బయటివాళ్లు సరిచూడగలిగినవే. మేయరు ఎంత మంచివాడు, ఎన్ని సభలు పెట్టాడు, ఎన్ని మొక్కలు నాటించాడు అన్న ప్రశ్నలకు అందులో చోటు లేదు. విధాన రచనలో ఇంతకన్నా పొదుపైన పేరా నేను చూడలేదు.

రెండేళ్లు

మేయరు అద్నాన్ డెమాష్కి 2008 ఫిబ్రవరిలోనే గ్రామీణ భూస్వాముల సంఘాన్ని, కలప వ్యాపారులను, కార్మిక సంఘాలను కూర్చోబెట్టి, నరికివేతను సున్నాకు తెస్తామన్న ఒడంబడికపై సంతకాలు చేయించాడు. ఇలాంటి ఒడంబడికలు అప్పటికీ ఇప్పటికీ కొల్లలు. దీన్ని వాటి నుంచి వేరుచేసింది ఆ తర్వాతి పని. బెలేమ్‌లోని పరిశోధన సంస్థ ఇమజాన్ నెలనెలా ఉపగ్రహ హెచ్చరికలు అందించింది. పరిరక్షణ సంస్థ ద నేచర్ కన్సర్వెన్సీ పొలాల సరిహద్దు పటాల తయారీలో సాయపడింది.

ఒక హెచ్చరిక ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూస్తే ఈ పనిలో ఉన్న చాకిరీ అర్థమవుతుంది. అప్పట్లో డెటెర్ వాడిన, మోడిస్ అనే ఉపగ్రహ పరికరం తీసిన చిత్రాల్లో ఒక్కో గడి 250 మీటర్ల చదరం, అంటే 6.25 హెక్టార్లు. కనీసం 25 హెక్టార్లు నరికితే తప్ప అది నమ్మకంగా పట్టుకోలేదు. వానాకాలమంతా మబ్బులు అడ్డం. మునిసిపాలిటీ మనుషుల చేతికి వచ్చేది ఒక బహుభుజి ఆకారం, నాలుగు అక్షాంశ రేఖాంశాలు. వాటిని పట్టుకుని మట్టిరోడ్ల మీద వెళ్లి చూడాలి. పడగొట్టిన మానులను బుల్డోజర్‌తో వరుసలుగా పోగేసి ఉంటే అది కొత్త నరికివేత. పాత మేత భూమిలో మళ్లీ పెరిగిన పొదలను కొట్టివేసి ఉంటే, చిత్రంలో రెండూ ఒకేలా కనిపించినా, ప్రోడెస్ లెక్కలోకి రాదు. అది తొలి అడవిని మాత్రమే లెక్కిస్తుంది. చెట్ల కప్పు కింద మధ్యమధ్య దుంగలు లాగిన దారులు, గోపురాల్లాంటి బొగ్గు బట్టీలు కనిపిస్తే అది మూడో రకం. అడవి నిలబడే ఉంటుంది, లోపల మాత్రం గుల్ల. ఈ మూడో రకం గురించి తర్వాత చెబుతాను, కేసులో బలహీనమైన చోటు అదే.

నమోదు పని ఇంకా కష్టం. బ్రెజిల్ అటవీ చట్టం ప్రకారం అమెజాన్ అడవి ప్రాంతంలో ప్రతి ఆసామీ తన భూమిలో 80 శాతం అడవిగా ఉంచాలి. పరగోమినాస్‌లో చాలామంది దగ్గర అంత మిగల్లేదు. కాబట్టి సరిహద్దులు, ఉన్న అడవి, ఏటి ఒడ్ల వివరాలతో పటం గీయించి ప్రభుత్వానికి ఇవ్వడమంటే తన తప్పుకు తానే సాక్ష్యం రాసి ఇవ్వడం. ఎవరిస్తారు? భూస్వాముల సంఘం ముందుకు వచ్చి ఆసాములను ఒప్పించకపోతే ఈ కేసు అక్కడే ఆగిపోయేది. ఆ సంఘానికి అడవి మీద ఉన్నపళంగా ప్రేమ పుట్టలేదు. రుణాలు ఆగాయి, కొనుగోలుదారులు బెదురుతున్నారు, జాబితాలో ఉన్నంతకాలం నరకనివాడు కూడా నరికినవాడితో సమానంగా దెబ్బతింటున్నాడు. జాబితా చేసిన అసలు పని ఇదే. పక్కవాడి రంపం చప్పుడు ప్రతివాడి సొంత వ్యవహారమైంది.

2008 నవంబరులో అంతా చెడిపోయే పరిస్థితి వచ్చింది. ఆల్టో రియో గ్వామా నుంచి దొంగిలించిన కలపతో వెళ్తున్న లారీలను ఇబామా పట్టుకుంది. మూక దాడి చేసి, ఇబామా కార్యాలయాన్ని ధ్వంసం చేసి, వాహనాలు తగలబెట్టి, జప్తు చేసిన 14 లారీలను ఎత్తుకుపోయింది. అధికారులు దిగిన హోటల్ మీదికి కూడా వెళ్లింది. ఇదే పారాలోని మరో మునిసిపాలిటీ టైలాండియాలో అదే ఏడాది ఫిబ్రవరిలో ఇటువంటి గొడవే జరిగితే కేంద్ర బలగాలు దిగాయి. పరగోమినాస్ మేయరు ఊరి పెద్దలను పిలిచి, దాడిని ఖండిస్తూ, నరికివేత ఆపుతామన్న మాటకు కట్టుబడుతూ దేశానికి రాసే లేఖ మీద సంతకాలు చేయకపోతే రాజీనామా చేస్తానన్నాడు. వాళ్లు సంతకాలు చేశారు. ఫిబ్రవరి ఒడంబడిక కాగితం మీదిది. అసలు ఒడంబడిక కుదిరింది ఈ మంటల తర్వాతే.

2010 మార్చిలో పరగోమినాస్ జాబితా నుంచి బయటికొచ్చింది. అలా వచ్చిన మొదటి మునిసిపాలిటీ అదే. మరుసటి ఏడాది పారా రాష్ట్రం ఈ పద్ధతిని 'హరిత మునిసిపాలిటీలు' అన్న కార్యక్రమంగా మార్చింది. మాటో గ్రోసో రాష్ట్రంలోని కెరెన్సియా 2011లో బయటపడింది. దేశం మొత్తం మీద 2012లో నరికివేత 4,571 చదరపు కిలోమీటర్లకు దిగింది.

దీని నుంచి ఏం తేల్చవచ్చు, ఏం తేల్చకూడదు

ఆర్థికవేత్తలు తర్వాత లెక్కలు కట్టి, జాబితాలోని మునిసిపాలిటీల్లో నరికివేత తగ్గడానికి ముఖ్య కారణం తనిఖీలు, జరిమానాలు పెరగడమేనని చూపించారు. ఒడంబడికల మహత్యం గురించి ఉపన్యాసాలిచ్చేవారికి ఇది రుచించదు. నాకు మాత్రం ఆశ్చర్యమేమీ కాదు. ఇబామా లేకపోతే మేయరు మాట ఎవరూ వినేవారు కాదు. కానీ ఆ 36లో అందరి మీదా ఇబామా ఒత్తిడి పెరిగితే, రెండేళ్లలో బయటికొచ్చింది ఒక్కటే ఎందుకన్న ప్రశ్నకు తనిఖీలు జవాబు చెప్పవు.

ఆ జవాబులో కొంత భాగం పొగడదగింది కూడా కాదు. పరగోమినాస్ డబ్బున్న మునిసిపాలిటీ. 2007లో అక్కడ బాక్సైట్ గని మొదలైంది, దాని రాబడి వచ్చింది. భూస్వాముల సంఘం బలంగా ఉంది. పెద్ద కమతాలు ఎక్కువ కాబట్టి కొద్దిమందిని నమోదు చేస్తే చాలు, శాతం గబగబా పెరుగుతుంది. సోయాకు పనికొచ్చే, యంత్రాలు నడిచే చదును నేల చాలావరకు అప్పటికే సాగుకు సిద్ధంగా ఉంది. కొత్త అడవి నరకకుండానే వ్యవసాయం పెరిగే వీలుంది. రోడ్డు చివర, పత్రాలు లేని చిన్న రైతులతో, గని లేని మునిసిపాలిటీకి ఇదే నమూనా అంటగడితే నడవదు.

చిన్నవాళ్ల సంగతి మరీ చెప్పాలి. మిల్లులు, బట్టీలు మూతపడినప్పుడు పోయింది కూలీల పని. విస్తీర్ణంలో 80 శాతం నమోదు కావాలన్న షరతు వల్ల శ్రద్ధంతా పెద్ద కమతాల మీదికే పోయింది. పునరావాస కాలనీల్లోని రైతులు నమోదులో వెనకబడ్డారు, రుణానికీ దూరమయ్యారు. షరతును విస్తీర్ణంతో పాటు కమతాల సంఖ్య మీద కూడా పెట్టి ఉంటే ఇంత వివక్ష ఉండేది కాదని నా అంచనా.

ఇప్పుడు ఆ మూడో రకం. జాబితా కొలిచింది నరికివేతను మాత్రమే. చెట్ల కప్పు కింద కలప తీయడం, నిప్పు పాకడం వల్ల అడవి క్షీణించడం లెక్కలోకి రాలేదు. పరగోమినాస్‌లో మిగిలిన అడవిలో చాలా భాగం ఒకటికి రెండుసార్లు కోతకు గురైందే. అలాంటి అడవి ఎండుతుంది, ఎండినది అంటుకుంటుంది. 2015-16 ఎల్‌నినో కరువులో తూర్పు అమెజాన్‌లో ఇదే జరిగింది. వాతావరణం దృష్టితో చూస్తే, పటంలో పచ్చగానే ఉన్న అడవి నుంచి కర్బనం పోతూనే ఉంది. పైగా 25 హెక్టార్ల హద్దు సంగతి నరికేవాళ్లకూ తెలిసింది. ముక్కలు చిన్నవైపోయాయి. 2015 నుంచి డెటెర్‌కు 60 మీటర్ల దరిదాపు స్పష్టత ఉన్న చిత్రాలు వాడడం మొదలైంది. వాటిలో భారతదేశపు రిసోర్స్‌శాట్ ఉపగ్రహ చిత్రాలూ ఉన్నాయి.

నమోదు పద్ధతి దేశమంతా పాకిన తీరు ఇంకో పాఠం. 2012 అటవీ చట్టం దాన్ని అన్ని రాష్ట్రాల్లో తప్పనిసరి చేసింది. అదే చట్టం 2008 జూలై 22కు ముందు జరిగిన అక్రమ నరికివేతల్లో చాలావాటికి క్షమాభిక్ష పెట్టింది. నమోదు వివరాలు ఆసామి స్వయంగా ప్రకటించేవి. అది హక్కు పత్రం కాదు. అయినా ప్రభుత్వ భూముల్లోకి చొరబడినవాళ్లు దాన్నే హక్కు పత్రంలా చూపించుకునే తంతు మొదలైంది. పరగోమినాస్‌లో తప్పు ఒప్పుకోవడానికి పనికొచ్చిన కాగితం, మరో చోట ఆక్రమణకు సాధనమైంది. మేము ఒక పద్ధతిని సిఫారసు చేసేటప్పుడు దాని చుట్టూ ఉన్న కట్టుబాట్లను కూడా సిఫారసు చేయకపోతే జరిగేది ఇదే.

వాతావరణ నిధుల మాట

వాతావరణ మార్పుపై కుదిరిన 1997 క్యోటో ఒప్పందం అమలు నియమాలు 2001లో మరాకేష్‌లో ఖరారైనప్పుడు, ఉన్న అడవిని నరకకుండా ఆపినందుకు క్రెడిట్లు (ధనిక దేశాలు కొని తమ ఉద్గారాల లెక్కకు సర్దుకునేవి) ఇచ్చే ప్రతిపాదనను పక్కన పెట్టేశారు. ఒక చోట ఆపితే మరో చోట నరుకుతారన్న భయం, చవక క్రెడిట్లు కుమ్మరించి ధనిక దేశాలు తమ చిమ్నీలను అలాగే ఉంచుకుంటాయన్న అనుమానం కారణాలు. 2005లో పాపువా న్యూ గినీ, కోస్టా రికా మళ్లీ ఆ అంశాన్ని మాంట్రియల్ సదస్సు బల్ల మీదికి తెచ్చాయి. 2013 వార్సాలో నియమావళి, 2015 పారిస్ ఒప్పందంలో అయిదో అధికరణ దాని పర్యవసానాలు.

ఈ మధ్యలో, 2008లో బ్రెజిల్ తనదైన అమెజాన్ నిధిని పెట్టింది. మొదట్లో దాని లెక్క సూటిగా ఉండేది. 1996-2005 సగటు నరికివేత, సుమారు 19,500 చదరపు కిలోమీటర్లు, ప్రాతిపదిక. దానికన్నా తగ్గిన ప్రతి హెక్టారుకు 100 టన్నుల కర్బనం మిగిలినట్టు. కార్బన్ డయాక్సైడ్‌గా మారిస్తే 367 టన్నులు. టన్నుకు 5 డాలర్లు. అంటే హెక్టారుకు 1,835 డాలర్లు, అదీ ఒక్కసారే. నార్వే 100 కోట్ల డాలర్ల వరకు ఇస్తానంది. డబ్బు జాతీయ అభివృద్ధి బ్యాంకు ద్వారా ప్రాజెక్టులకు వెళుతుంది.

పరగోమినాస్ ఆసామి నిర్ణయంలో ఈ 1,835 డాలర్లు ఎక్కడా లేవు. అవి అతని చేతికి రావు. అతన్ని కదిలించింది వచ్చే సీజన్ రుణం, కబేళా గేటు. నిధి వల్ల ఉపయోగం లేదని నేననను. పరిశోధన సంస్థలకు, రాష్ట్రాల పర్యావరణ శాఖలకు, ఆదివాసీ సంఘాలకు అది ఊపిరి. కానీ నరికివేత తగ్గాక వచ్చిన డబ్బును, తగ్గడానికి కారణంగా చూపించే నివేదికలు లెక్కలేనన్ని. 2019లో బ్రెజిల్ ప్రభుత్వం ఆ నిధి కమిటీలను రద్దు చేసింది, చెల్లింపులు ఆగాయి, 2023 జనవరిలో గానీ నిధి తిరిగి మొదలవలేదు. 2021లో నరికివేత 13,038 చదరపు కిలోమీటర్లకు ఎగబాకింది. నిధి గడ్డకట్టడం కన్నా, అదే కాలంలో తనిఖీలు, జరిమానాలు సడలడమే దీనికి ఎక్కువ కారణమని నా నమ్మకం. 2023 నుంచి తనిఖీలు తిరిగి పుంజుకున్నాక 2024లో లెక్క 6,288కి వచ్చింది.

ఇప్పటి వాదనల్లో ఈ కేసు

యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన నిబంధన ప్రకారం 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన భూమిలో పండిన సోయా, పామాయిల్, కాఫీ, కోకో, రబ్బరు, కలప, గొడ్డుమాంసం ఆ మార్కెట్‌లోకి వెళ్లకూడదు. అమలు తేదీ పదేపదే వాయిదా పడింది. దేశాలను ప్రమాద స్థాయిని బట్టి మూడు తరగతులు చేస్తూ 2025 మేలో ఒక జాబితా వచ్చింది. అత్యధిక ప్రమాద తరగతిలో ఉన్నవి రష్యా, బెలారస్, ఉత్తర కొరియా, మయన్మార్. బ్రెజిల్, ఇండోనేషియా మధ్య తరగతి. అడవుల పటం పక్కన పెట్టుకుని ఈ జాబితా చదివితే నవ్వు వస్తుంది.

పరగోమినాస్ తెలిసినవారికి అభ్యంతరం ఇంకా లోతైనది. దేశం మొత్తాన్ని ఒక తరగతిలో పెడితే, అందులో ఏ మేయరూ, ఏ సంఘమూ తన పనితో ఆ తరగతిని మార్చలేరు. ఒక జిల్లానో ఒక రాష్ట్రమో నరికివేత ఆపి చూపించినా దానికి గుర్తింపు ఎక్కడ? ఆ 2020 గడువు తేదీ తర్వాత నరికిన పొలానికి, అడవిని తిరిగి పెంచినా, మార్కెట్‌లోకి తిరిగొచ్చే దారి ఏది? నేను పాల్గొనే సంప్రదింపుల్లో అడుగుతున్నవి ఈ రెండు ప్రశ్నలే. మొదటిదానికి మద్దతు దొరుకుతోంది. రెండోదాన్ని ఎత్తితే పరిరక్షణ సంస్థల్లోని మిత్రులే చిరాకు పడతారు. నరికి, మొక్కలు నాటి, క్షమించమంటారని వారి భయం. 2012 క్షమాభిక్ష చూశాక ఆ భయాన్ని కొట్టిపారేయలేను. అందుకే దిగే షరతు మాటలకు, హామీలకు లొంగనిదిగా, ఉపగ్రహం చూడగల అంకెగా ఉండాలని పట్టుబడతాను.

ఈ పనిలోకి రావాలనుకునేవారు తరచూ ఏ డిగ్రీ చదవాలని అడుగుతారు. అడవుల శాస్త్రమైనా, న్యాయమైనా, ఆర్థికమైనా ఫరవాలేదు. భూ రికార్డు చదవడం, రుణ నిబంధనల అనుబంధాలు ఓపికగా వెతకడం, ఒక ఉపగ్రహ చిత్రం ఏం చూపించలేదో చెప్పగలగడం మాత్రం రావాలి. పోర్చుగీసో, ఇండోనేషియన్ భాషో, ఫ్రెంచో వస్తే, ఆంగ్ల నివేదికల్లో ఎప్పటికీ కనిపించని సగం కథ అందుతుంది.

2024లో బ్రెజిల్ జాబితా పద్ధతికి కొత్త తొడుగు వేసింది. ప్రాధాన్య మునిసిపాలిటీల సంఖ్య 70కి చేరింది, వాటిలో చేరడానికి ముందుకొచ్చినవాటితో కేంద్రం ఒప్పందం కుదుర్చుకుని 73 కోట్ల రియాల్‌లు కేటాయించింది. మునిసిపాలిటీ ఎంత తగ్గిస్తే దానికి అంత సాయం. కార్యక్రమం పేరులోనే నరికివేతతో పాటు కార్చిచ్చు కూడా ఉంది. చెట్ల కప్పు కింద జరిగే నష్టాన్ని చెల్లింపుల లెక్కలో ఎంత బరువుతో కలుపుతారన్నది మా బృందం ఇప్పుడు ఏటా వెంటాడుతున్న అంశం. కొత్తగా చేరినవారికి పరగోమినాస్ కేసు తర్వాత నేను ఇచ్చే రెండో పని, ఆ చెల్లింపుల లెక్కలున్న అనుబంధ పట్టికలు చదవడమే.